ఎడమవైపు గేర్‌బాక్స్

ఫిబ్రవరి 6

పోస్టింగ్ వచ్చింది. కొత్త ఓడ ట్రయల్స్ టీమ్‌కి ప్రభుత్వం తరఫున హెడ్‌ని నేను.

ఆర్డర్ చేత్తో పట్టుకుని లిఫ్ట్ ఎక్కకుండా మెట్లు దిగాను. లిఫ్ట్‌లో ఎవరైనా మొహం చూస్తారని. నవ్వు ఆగడం లేదు.

బాస్‌కి ఇష్టం లేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నదానివి, ఆ ఓడల జోలి నీకెందుకు అని ఇన్నాళ్ళూ తోసేస్తూ వచ్చాడు. ఈసారి ఆ పోస్టుకి ఇంకెవరూ ముందుకు రాలేదట. వెళ్ళు, కానీ బుర్ర చల్లగా పెట్టుకుని వెళ్ళు అన్నాడు.

పెట్టుకుంటాను సార్. మంచుగడ్డలా పెట్టుకుంటాను.

ఫిబ్రవరి 8

ఒకసారి ఉన్నదున్నట్టు రాసుకోవాలి. కోపంలో వివరాలు కరిగిపోతాయి. నాకు వివరాలు కావాలి.

పేపర్లలో జలసంధి అంటారు. ఓడలవాళ్ళు సందు అంటారు. రెండు సముద్రాల మధ్య ఇరుకు దారి. గోధుమలు, మందులు, ఆయిలు, పిల్లల బొమ్మలు, సగం ప్రపంచం సరుకు ఆ సందులోంచే దూరి రావాలి. అందులో దొంగ పడవలు మొదలయ్యాక ఇన్సూరెన్సు వాళ్ళు చేతులెత్తేశారు. ఓడలు ఖండం చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాయి. మందుల షాపుల్లో అరలు బోసిపోయాయి. అప్పుడు ప్రభుత్వం నిద్రలేచి, సరుకు ఓడలకి కాపలాగా వెళ్ళే ఎస్కార్ట్ ఓడలు కావాలంది. అదీ నిన్నటికే కావాలంది. ఒకే డిజైన్‌తో రెండు. మా భాషలో అలాంటివి అక్కాచెల్లెళ్ళు.

అక్క ముందు తయారైంది. కొనుగోళ్ళ విభాగానికి అప్పుడు అధిపతి నవ్వులాయన, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడని ఆ పేరు. అసలు పేరు రాయను. ఆ పేరు నా ఇంట్లో ఉండకూడదు. ఫుల్ పవర్ ట్రయల్ పెట్టకుండానే ఆయన అక్కని తీసేసుకున్నాడు. ఇంజన్లని పూర్తి బలంతో గంటల తరబడి సముద్రంలో తోలి చూడటమే ఆ ట్రయల్. గేర్‌బాక్సుల మీద అనుమానం ఉందని కొందరు గొణిగారు. ట్రయల్ పెడితే ఆలస్యమవుతుంది, తరవాత చూద్దాం అన్నాడు. బ్యాండు వాయించి ఓడని సందులోకి పంపారు.

మా తమ్ముడు ధాన్యం ఓడలో సెకండ్ ఇంజినీరు. దొంగ పడవలు వాళ్ళని చుట్టుముట్టినప్పుడు అక్క వెనకాలే ఉంది. పిలుపు అందింది. ఫుల్ పవర్ అన్నారు. ఎడమవైపు గేర్‌బాక్స్ పగిలింది. దాంతో నూనె మొత్తం పోయి కుడివైపుది కూడా పట్టేసింది. కదలని ఓడలో కూర్చుని రాడార్‌లో ధాన్యం ఓడని చూస్తూ ఉండిపోయారు.

ఓడ వదిలి నీళ్ళలోకి దూకినవాళ్ళలో తమ్ముడున్నాడు. దొరకలేదు.

ఎంక్వయిరీ పెట్టారు. అత్యవసర పరిస్థితిలో సంభవించిన యాంత్రిక వైఫల్యం అని తేల్చారు. ఎవరూ ఏమీ చేయలేదన్నమాట. గేర్‌బాక్స్ తనంతట తానే మనసు విరిగి పగిలింది. నవ్వులాయన రిటైరై, ఆ ఓడలు కట్టే యార్డులోనే సలహాదారుగా చేరాడు. ఇదంతా అందరికీ తెలుసు. తెలియడం వేరు, అడగడం వేరు.

పరామర్శకి మా ఇంటికి వచ్చాడు. మరదలి చేతులు రెండూ పట్టుకున్నాడు. టీ తాగాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నాతో, ఓడలు తప్పు చెయ్యవమ్మా, సముద్రం చేస్తుంది, అన్నాడు.

అంతకుముందు, టీలో ఇంకొంచెం చక్కెర అడిగాడు.

ఫిబ్రవరి 9

చెల్లెలికీ అదే గేర్‌బాక్స్. డిజైన్ మార్చామంటున్నారు. వెళ్ళి చూశాను. మూత రంగు మార్చారు.

ఫిబ్రవరి 15

యార్డులో ఒక గది ఇచ్చారు. రేకుల కప్పు, ఒక టేబుల్, కిర్రుమనే ఫ్యాను. కిటికీలోంచి చెల్లెలి ముక్కు కనిపిస్తుంది. రోజంతా వెల్డింగు వాసన, సుత్తి దెబ్బలు. తలుపు మూసినా ఆగదు.

నవ్వులాయన తనే వెతుక్కుంటూ వచ్చాడు. నువ్వొస్తున్నావని తెలిసి ప్రాణం లేచొచ్చిందమ్మా అన్నాడు. గేటు దగ్గర వాచ్‌మన్ మోకాలి నొప్పి ఎలా ఉందో, స్టోర్సు గుమాస్తా కూతురికి ఉద్యోగం వచ్చిందో లేదో, అన్నీ ఆయనకి గుర్తే. అందరూ ఆయన్ని చూసి వెలిగిపోతారు. మరదలు ఎలా ఉందని అడిగాడు. బాగుంది సార్ అన్నాను. నవ్వాను కూడా. బుగ్గలు ఇంకా నొప్పి పెడుతున్నాయి.

ఫిబ్రవరి 16

మరదలు పోర్టులో క్రేన్ నడుపుతుంది. మేడ మీద మేడలంత ఎత్తున గాజు గది, కాళ్ళ కింద అద్దం, దాని కింద ఓడ. తమ్ముడు పోయాక అందరూ ఆఫీసు పని తీసుకోమన్నారు. వినలేదు. పైనుంచి అంతా చిన్నగా కనిపిస్తుంది, నాకదే కావాలి అంది.

డ్యూటీ నుంచి వస్తూనే నా మొహం చూసి, ఏంటి వదినా, ఎవర్ని మింగుదామని అలా ఉన్నావు అంది. పది రోజులుగా దాచిన పోస్టింగ్ సంగతి చెప్పాను. చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగిపోయింది.

ఆ ఓడ బాగా తయారయ్యేలా చూడు, చాలు అంది. పోయిన నెల సందు మూసుకుపోయినప్పుడు కొక్కేనికి తగిలించడానికి ఒక్క డబ్బా లేదట. గాజు గదిలో కూర్చుని పేకముక్కలు పరుచుకున్నారట. కింద లారీల డ్రైవర్లు కొట్టుకున్నారట. ఓడలు రావాలి వదినా అంది.

నాకు ఓడలు కాదు, ఒక్క మనిషి కావాలి అన్నాను.

ఆయన ముక్కు నేలకి రాయిస్తే మీ తమ్ముడు లేచొస్తాడా అని నేననను, నాకూ రాయించాలనే ఉంది, కానీ రాయించాక నువ్వు ఇంటికి రావాలి, అంది. స్నానానికి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పి చాలాసేపు అలాగే వదిలేసింది.

మార్చి 2

యార్డులో టెస్టింగ్ చూసే ఇంజినీరు ఒకాయన ఉన్నాడు. నోరు తెరిచే ముందు ప్రతిసారీ దగ్గుతాడు. అందరూ దగ్గు ఇంజినీరు అంటారు. ఇంట్లో కూడా అదే పేరట, తనే చెప్పి నవ్వాడు. మెత్తటి మనిషి.

ఇవాళ ఓడని రేవులోనే కట్టి ఇంజన్లు తిప్పారు. అయిపోయాక ఆయన నన్ను వెనక డెక్కు మీదకి తీసుకెళ్ళాడు, సుత్తుల చప్పుడు ఎక్కువగా ఉన్న చోటికి. దగ్గాడు. ఎడమవైపు గేర్‌బాక్స్‌లో బేరింగు వేడెక్కుతోందన్నాడు. కొత్తది కదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది అంటున్నారట పైవాళ్ళు. సర్దుకోదు మేడమ్, అక్కకీ ఇలాగే మొదలైంది, అన్నాడు. యార్డులో చెబితే నోరు మూసుకోమన్నారట. వచ్చే ఏడు రిటైర్మెంటు. మీరు ఒక్క మాట అంటే ఆగిపోతుంది మేడమ్ అన్నాడు.

నిజమే. నా ఉద్యోగమే ఆ ఒక్క మాట. విప్పి చూపించేదాకా ట్రయల్ లేదు అనాలి. అంతే.

చూస్తాను అన్నాను.

తన నెత్తిమీద బరువు నా నెత్తికి మార్చినట్టు తేలిగ్గా నడుచుకుంటూ వెళ్ళాడు.

మార్చి 2, సాయంత్రం

ఆపితే ఏమవుతుంది? షెడ్డు తలుపులు మూసి, గేర్‌బాక్స్ విప్పి, గుట్టుగా ఏదో మారుస్తారు. చూశారా మా యార్డు ఎంత జాగ్రత్తో అని నవ్వులాయన అంటాడు. అక్క గురించి ఎవరూ ఎత్తరు. ఆయనకి శాలువా కప్పినా కప్పుతారు.

ఆపకపోతే? నడిసముద్రంలో, అందరి కళ్ళముందు, ఆయన ఓడలో ఉండగా పగులుతుంది. యుద్ధం లేదు, అత్యవసరం లేదు, సముద్రం మీదకి నెట్టడానికి లేదు. ఎందుకు పగిలిందని అడగక తప్పదు. అడిగితే అక్క దాకా వెళ్ళక తప్పదు.

నేను ఒక్క బోల్టు కూడా ముట్టుకోను. ఏమీ చేయను. ఆయన కూడా ఏమీ చేయలేదు కదా.

మార్చి 5

నవ్వులాయన గదికి నేనే వెళ్ళాను. సార్, ఈ ట్రయల్‌ని ఊరికే పోనివ్వడమెందుకు, గెస్టుల్ని ఎక్కిద్దాం అన్నాను. ఓడల కంపెనీల వాళ్ళు, ఇన్సూరెన్సు వాళ్ళు, పేపర్ల వాళ్ళు. ఇక్కడ అఖాతంలో కాదు, సందు మూతి దాకా వెళ్దాం, అక్కడ ఫుల్ పవర్‌తో దూసుకెళ్తే చూసి వాళ్ళకే ధైర్యం వస్తుంది, అన్నాను.

మొహం వికసించింది. నీది మంచి బుర్రమ్మా, నువ్వు మా డిపార్ట్‌మెంటులో ఉండాల్సింది అన్నాడు.

కడుపులో చల్లగా ఉంది. చాలా రోజుల తరవాత ఆకలేసింది.

మార్చి 9

యార్డు క్యాంటీన్‌లో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. తనంతట తనే అక్క సంగతి ఎత్తాడు. మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు.

నన్ను నువ్వు తిట్టుకుంటావని తెలుసమ్మా, కానీ ఒకటి చెప్పు, అన్నాడు. ఆ ట్రయల్ పెట్టి ఉంటే ఓడ ఏడాది షెడ్డులో ఉండేది. ఆ ఏడాదంతా అది సందులో నిలబడింది కాబట్టే అన్ని ఓడలు దాటాయి. దొంగకి మన గేర్‌బాక్స్ కనపడదు, మన ఫిరంగి కనపడుతుంది. టెండరు పిలవడానికి ఒక ఏడు, కోర్టు కేసులకి ఒక ఏడు, మార్పులకి ఇంకో ఏడు. అన్నీ సరిగ్గా ఉన్న ఓడ వచ్చేసరికి కాపాడటానికి వ్యాపారమే మిగలదు. కుంటిదైనా ఇవాళ ఓడ కావాలి. నేను అదే చేశాను. మళ్ళీ అయినా అదే చేస్తాను.

మండింది. అబద్ధం అయితే ఇంత మండేది కాదు. మరదలి క్రేను గుర్తొచ్చింది. మందుల షాపు అరలు గుర్తొచ్చాయి. ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఆ సగం నిజం చాటున నిలబడి మిగతా సగాన్ని నొక్కేశాడు.

దాటిన ఓడల లెక్కలో మా తమ్ముణ్ణి ఎక్కడ వేశారు సార్ అని అడగాలనిపించింది. అడిగితే అంతా చెడుతుంది. గ్లాసెత్తి నీళ్ళు తాగాను.

మార్చి 11

దగ్గు ఇంజినీరు మళ్ళీ వచ్చాడు. చూశారా మేడమ్ అన్నాడు. చూస్తున్నాను అన్నాను.

రేపటి ట్రయల్‌లో ఆయన డ్యూటీ గేర్‌బాక్స్ పక్కనే. వేడి చూసి నాకు ఫోన్‌లో చెబుతుండాలి. రావద్దని చెప్పాలి. ఎందుకు అంటాడు.

చెప్పలేదు.

మార్చి 12, ఉదయం

ఓడ ట్రయల్‌కి సిద్ధంగా ఉందని సంతకం పెట్టాను.

మార్చి 14

నిన్నంతా పడుకునే ఉన్నాను. ఇప్పుడు రాయకపోతే ఇంకెప్పుడూ రాయను.

పన్నెండున సముద్రం కొంచెం చిరాగ్గా ఉంది. గెస్టులందరికీ ఒకే రంగు జాకెట్లు ఇచ్చారు. సగం మందికి కడుపులో తిప్పుతోంది. నవ్వులాయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అల్లం బిళ్ళలు పంచుతున్నాడు. సందు మూతి దగ్గరికి వచ్చాక నేను కిందకి, ఇంజన్ కంట్రోల్ రూమ్‌కి వెళ్ళాను. లివర్ల దగ్గర నేనే నిలబడ్డాను. ఫుల్ పవర్ ఇచ్చాం. ఓడ ఒళ్ళంతా జలదరించి పరుగందుకుంది.

దగ్గు ఇంజినీరు ఫోన్‌లో వేడి చెబుతున్నాడు. పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది. తగ్గించమంటారా మేడమ్ అన్నాడు. ఉండండి అన్నాను. గెస్టులు టిఫిన్ ముగించి ఇంకా డెక్కు మీదకి రాలేదు. వాళ్ళందరూ చూస్తుండగా పగలాలి. దాని కోసం ఆగాను. మేడమ్, బాగా ఎక్కువైంది అన్నాడు. ఉండండి అన్నాను మళ్ళీ.

అప్పుడు పైనుంచి కెప్టెన్ గొంతు. ముందున్న కంటైనర్ ఓడ నుంచి పిలుపు వచ్చింది. చుట్టూ పడవలు. లోపలికి ఎక్కేశారు. ఓడవాళ్ళు స్టీరింగ్ రూమ్‌లో తలుపులు బిగించుకుని కూర్చున్నారు. దగ్గర్లో మనం తప్ప ఎవరూ లేరు. ట్రయల్ లేదు, గియల్ లేదు, ఫుల్ పవర్ మీదే పోనివ్వండి, అన్నాడు.

తలుపు బిగించుకుని లోపల కూర్చున్న మనుషులు. ఎవరో వస్తున్నారని నమ్ముకుని.

మైకు తీసుకున్నాను. ఎడమవైపు ఆపేయాలి సార్, పగులుతుంది అన్నాను. నీకెలా తెలుసు అన్నాడు కెప్టెన్. ముందే తెలుసు అన్నాను.

నీ సంగతి తరవాత, ఇప్పుడు ఏం చెయ్యగలం చెప్పు అన్నాడు. కుడివైపు ఒక్కటే నడుపుదాం, ఆలస్యమవుతుంది కానీ చేరతాం అన్నాను. ఎడమ లివర్ లాగాను.

లాగుతుండగానే పోయింది. పెద్ద చప్పుడేం కాదు. కింద ఎవరో ఇనప బీరువా పడేసినట్టు. ఫోన్‌లో దగ్గు ఇంజినీరు దగ్గలేదు. అరిచాడు. మరిగే నూనె చేతుల మీదా మెడ మీదా పడింది.

ఇద్దరు నావికులు ఆయన్ని మోసుకొస్తుంటే, వాళ్ళని తప్పుకుంటూ నవ్వులాయన లోపలికి వచ్చాడు. ఎవరు రమ్మన్నారో తెలియదు. జాకెట్ తీసేసి విసిరేశాడు. ఎడమదేనా అన్నాడు. నేను చెప్పకుండానే. రెండిటినీ కలిపే నూనె పైపు వాల్వు ముందు మూసెయ్యండి, లేకపోతే నూనె మొత్తం పోయి కుడిది కూడా పట్టేస్తుంది, అన్నాడు. ఎవరికీ ఆ వాల్వు ఎక్కడుందో తెలియదు. తనే పరుగెత్తాడు. ఆ వయసులో, ఆ పొగలో. నావికుడితో కలిసి వేడి చక్రాన్ని వట్టి చేతుల్తో తిప్పాడు. అరచేయి తోలు లేచిపోయింది.

కుడిది నిలబడింది. ఓడ కుంటుకుంటూ వెళ్ళింది. మమ్మల్ని చూసి పడవలు చెదిరిపోయాయి. ఆయన చెప్పినట్టే దొంగకి గేర్‌బాక్స్ కనపడలేదు. కంటైనర్ ఓడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, కళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని. అందరూ బతికే ఉన్నారు. వాళ్ళ వంటవాడు మా ఓడ వైపు తిరిగి టోపీ ఊపుతూనే ఉన్నాడు, చెయ్యి పడిపోతుందేమో అన్నట్టు.

నేను డెక్కు మీద నిలబడి అది చూడలేదు. నవ్వులాయన్ని చూస్తున్నాను. అరచేతికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

వాల్వు మూస్తే కుడిది బతుకుతుందని ఆయనకి తెలుసు. అక్క ఎంక్వయిరీ రిపోర్టులో ఆ వాల్వు మాటే లేదు, అంటే అక్క సందులోకి వెళ్ళిన రోజునా తెలిసే ఉండాలి. అక్కలో ఉన్నవాళ్ళకి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ళు కూడా ఇలాగే కుంటుకుంటూ వెళ్ళి ఉండేవాళ్ళు. చెప్పాలంటే ఎడమది చెడ్డదని ఒప్పుకోవాలి. అందుకని చెప్పలేదు.

నేను దగ్గు ఇంజినీరుకి రావద్దని ఎందుకు చెప్పలేదో, అందుకే.

మార్చి 16

పేపర్ల నిండా చెల్లెలే. ఒక్క కాలితో పరుగెత్తిన వీరవనిత అని ఒకడు. ఇలాంటివి ఇంకా నాలుగు కొంటామని మంత్రి ప్రకటన. కెప్టెన్ నాతో మాట్లాడటం లేదు. ఎంక్వయిరీ బోర్డు ముందు నువ్వేం చెబుతావో చూసి నేను చెబుతాను అని మాత్రం అన్నాడు.

మార్చి 17

దగ్గు ఇంజినీరుని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. చేతులు రెండూ మోచేతుల దాకా కట్లు. మెడ కదపలేడు. నన్ను చూసి దగ్గాడు. ఓడవాళ్ళు బతికారట కదా మేడమ్ అన్నాడు. అంతే. మీకు చెప్పాను కదా అనలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేదట.

ఆయన భార్య నా చేతులు పట్టుకుంది. మీరు సమయానికి ఆపబట్టి మా మనిషి దక్కాడు, లేకపోతే ఏమైపోయేవాళ్ళం అంది. కుర్చీ లాగి కూర్చోమంది. ఫ్లాస్కులోంచి టీ పోసింది.

తాగలేకపోయాను. అక్కడ పెట్టి వచ్చేశాను.

మార్చి 18

నవ్వులాయన కారు పంపించి ఇంటికి పిలిపించుకున్నాడు. అరచేతికి కట్టు. నవ్వు తిరిగొచ్చింది.

ఏం రాయాలో కూడా చెప్పాడు. అత్యవసరంలో ఓడని శక్తికి మించి తోలాం, అందుకే బేరింగు పోయింది. అది లోపం కాదు, యుద్ధంలో తగిలిన దెబ్బ. దగ్గు ఇంజినీరుకి పతకం ఇప్పిస్తాడట. కొత్తగా వచ్చే ఓడలన్నిటికీ గేర్‌బాక్స్ నిశ్శబ్దంగా మార్పిస్తాడట. నాకు ప్రమోషన్. అందరికీ మంచిదేనమ్మా అన్నాడు.



అప్పుడు మెల్లిగా, దగ్గు మార్చి రెండున నీ దగ్గరికి వచ్చాడని నాకు తెలుసమ్మా అన్నాడు. నువ్వు ఆపలేదు. ఎందుకు ఆపలేదో కూడా తెలుసు. ఓడ కావాలని అప్పుడు నేను ఆపలేదు, నేను పడాలని ఇప్పుడు నువ్వు ఆపలేదు. మనిద్దరం ఒక తాడుకి కట్టుకున్నవాళ్ళం. ఒకళ్ళు దూకితే రెండోవాళ్ళూ పోతారు.

బెదిరింపులా లేదు. మేనమామ మంచి చెప్పినట్టుంది.

తాడు మాట ఆయన ఎత్తకుండా ఉండాల్సింది.

మార్చి 19

మరదలికి అంతా చెప్పాను. నవ్వులాయన సంగతి విని ఊరుకుంది. దగ్గు ఇంజినీరు సంగతి వినగానే లేచి నిలబడింది.

ఆయన పోయి ఉంటే నువ్వు కూడా పరామర్శకి వెళ్ళేదానివి వదినా, అంది. వాళ్ళావిడ చేతులు పట్టుకునేదానివి.

ఏడవలేదు. అరవలేదు. తలుపు కూడా మెల్లిగానే వేసుకుంది.

మార్చి 21

బోర్డు ముందు చెప్పేశాను. నవ్వులాయన, కెప్టెన్ కూడా అక్కడే కూర్చుని ఉన్నారు.

ముందు నా సంగతి చెప్పాను. బేరింగు వేడెక్కుతోందని నాకు తెలుసు. దగ్గు ఇంజినీరు చెప్పారు. నేను ఆపలేదు. ఈయన అందరి ముందూ పరువు పోగొట్టుకోవాలని ఆపలేదు. ట్రయల్ మధ్యలో ఆ ఇంజినీరు రెండుసార్లు అడిగినా ఉండమన్నాను. స్టెనో రాయడం ఆపి నా వైపు చూసింది.

తరవాత వాల్వు సంగతి చెప్పాను. ఆ వాల్వు ఎక్కడుందో ఓడలో ఎవరికీ తెలియదు, ఈయనకి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసో అడగండి అన్నాను.

కెప్టెన్ లేచి, ఆమె చెప్పింది నిజం, ఆయన కంట్రోల్ రూమ్‌లోకి వస్తూనే ఎడమదేనా అని అడిగాడని అక్కడున్న నావికులంతా నాతో చెప్పారు, అన్నాడు. దగ్గు ఇంజినీరు చెబుతాడేమో, ఆసుపత్రికి వెళ్ళి అడగండి అన్నాడు.

నవ్వులాయన నా వైపు చూశాడు. కోపం లేదు. ఆశ్చర్యం. తాడు గురించి చెప్పాక కూడా దూకేవాళ్ళు ఉంటారని ఆయన అనుకోలేదు.

ఇది న్యాయం అని రాసుకోను. పశ్చాత్తాపం అని కూడా రాసుకోను, అది వేరేగా ఉంది, ఆసుపత్రి వాసన వేస్తోంది. ఇది కక్ష. ఆయన్ని ఒంటరిగా తోద్దామని చూశాను, కుదరలేదు. కలిసి పడే దారి ఒక్కటే మిగిలింది. పడుతున్నప్పుడు ఆయన మొహం చూశాను. బాగుంది.

ఏప్రిల్ 4

నన్ను సస్పెండ్ చేశారు. నవ్వులాయన్ని యార్డు వదులుకుంది. దేశం దాటకూడదని చెప్పి ఆయన పాస్‌పోర్టు తీసుకున్నారు. అక్క ఫైలు మళ్ళీ తెరిచారు. దగ్గు ఇంజినీరు ఆసుపత్రి మంచం మీద నుంచే అంతా చెప్పాడట. నా గురించి కూడా. చెప్పాలి. చెప్పకపోతే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఏప్రిల్ 19

చెల్లెలు షెడ్డులో ఉంది. గేర్‌బాక్సులు రెండూ పీకేశారు. కొత్త ఓడల కొనుగోలు ఆపేశారు. సందులో ఎస్కార్ట్ లేదు. ఓడలు మళ్ళీ చుట్టు తిరిగి వస్తున్నాయి.

మందుల షాపులో నా ముందు నిలబడ్డ ఆవిడ, అత్తగారి గుండె మాత్రలు లేవంటే, ఎవత్తో ఓడలు ఆపించిందట, దాని చేతులు పడిపోను అంది. షాపువాడు నన్ను గుర్తుపట్టాడు. నాకు కావాల్సినవి ఇచ్చి చిల్లర టేబుల్ మీద పెట్టాడు, చేతికివ్వకుండా.

నవ్వులాయన క్యాంటీన్‌లో అన్న మాటలు ఆ షాపులో వినిపించాయి. ఆయనే గెలిచినట్టు అనిపించింది కాసేపు. తరవాత రాడార్ ముందు కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చారు. నాలుగు కొత్త ఓడలు, నాలుగు రాడార్లు. లేదు. మళ్ళీ అయినా అదే చెబుతాను.

ఆ మాట రాసి చూసుకుంటే ఆయన మాటే. మళ్ళీ అయినా అదే.

మే 2

మరదలికి వారంలో సగం రోజులే డ్యూటీ. పనిలేనప్పుడు కూడా వెళ్ళి పైకెక్కి కూర్చుంటోంది. ఇవాళ వస్తూ, ఒక ఓడ వచ్చింది వదినా, చిన్నదే, అంది. కంచాల్లో ఇద్దరికీ వడ్డించింది. నేను అంతా చెప్పిన రాత్రి తరవాత నాకు వడ్డించడం ఇదే మొదలు.

మే 23

అక్క కేసులో ఇద్దరినీ ఒకే రోజు పిలిచారు. వరండాలో ఒకటే బెంచి. ఆయన ఆ చివర, నేను ఈ చివర. మనిషి సగమయ్యాడు. చొక్కా వదులుగా వేలాడుతోంది.

నా వైపు చూడకుండా, మీ తమ్ముడికి ఈత వచ్చా అమ్మా అని అడిగాడు.

బాగా వచ్చు సార్, గంటలు గంటలు ఈదేవాడు అన్నాను.

లోపల్నుంచి ఆయన పేరు పిలిచారు. మళ్ళీ పిలిచారు. ఆయన లేవలేదు.